వార్తాసంగ్రహము: బారామహలు దస్తరముల నుండి వెబ్ ఫీడుల వరకు

హోసూరు, కృష్ణగిరి సీమ మూడు రాష్ట్రములకు, మూడు భాషలకు కూడలి. హోసూరునకు వాయవ్యముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున బెంగుళూరు నగరమున్నది. కృష్ణగిరికి ఈశాన్యముగా చిత్తూరు జిల్లాలోని కుప్పము కలదు. దక్షిణమున ధర్మపురి, సేలము పట్టణములు. తమిళులు తెన్‌పెణ్ణై యని పిలుచు దక్షిణ పినాకిని యీ సీమ గుండ ప్రవహించును. ఇచ్చటి పల్లెలలో ఇంట తెలుగు, కచేరీలో తమిళము, సంతలో కన్నడము మాటలాడువారు పెక్కుమంది. ఒక్క వాక్యములో మూడు భాషలును దొరలుట ఇచ్చట వింత గాదు.

పరిపాలన చరిత్రయు నట్టిదే. 1792లో జరిగిన శ్రీరంగపట్టణపు సంధి వలన బారామహలు టిప్పు సుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. కృష్ణగిరి దుర్గము అందులోనిది. హోసూరు ప్రాంతము 1799లో టిప్పు పతనమైన పిమ్మట కంపెనీకి చేరెను. రెండును సేలము జిల్లాలో భాగములయ్యెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము వెలసినప్పుడును, 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడును ఈ సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. 1960లో జరిగిన సరిహద్దు సవరణ వలన తిరుత్తణి తాలూకా మద్రాసునకును, చెంగల్పట్టు, సేలము జిల్లాలలోని కొన్ని ప్రదేశములు ఆంధ్రప్రదేశమునకును మారినవి. హోసూరు, కృష్ణగిరి పట్టణములు మాత్రము చోటు మారలేదు. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లాయు, 2004 ఫిబ్రవరి 9న అందుండి కృష్ణగిరి జిల్లాయు ఏర్పడెను.

కావున ఈ సీమ చరిత్రను వెదకువాడు మైసూరు, సేలము, ధర్మపురి, కృష్ణగిరి యను నాలుగు పేర్ల క్రింద వెదకవలసియుండును. వార్తల సంగతియు నంతే. హోసూరు తెలుగువారిని గూర్చిన ఒక వార్త తమిళ పత్రికలో జిల్లా వార్తగను, కన్నడ పత్రికలో సరిహద్దు వార్తగను, తెలుగు పత్రికలో పొరుగు రాష్ట్రపు వార్తగను వెలువడును. ఎవరికిని అది ముఖ్య వార్త గాదు. ఎవరి భాండారమునను అది ఒక శీర్షిక క్రింద చేరదు. చెదరిన వార్తలను ఒకచోట కూర్చుట, కూర్చినదానిని కాపాడుట యను రెండు పనులు ఈ సీమ ప్రజలకు ఇతరులకంటె నెక్కువ అవసరములు. ఆ పనులకు పూర్వమున్న సాధనములెవ్వి, నేడు ఇంటర్నెట్టు వలన లభించిన సాధనములెవ్వి, వాని బలాబలములెట్టివి యనునది ఈ వ్యాసమున విచారింపబడును.

బారామహలు దస్తరములు

ఈ సీమను గూర్చిన వార్తలను ఒక క్రమమున కూర్చిన తొలి మహాప్రయత్నము కంపెనీవారిది. 1792లో బారామహలు పాలనము కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ చేతికి వచ్చెను. ఆయన అంతకుముందు మైసూరు యుద్ధమున సైన్యమునకు వలసిన సమాచారమును సేకరించు పని నిర్వహించినవాడు. శత్రువు కదలికలను తెలిసికొనుటకై అలవడిన నేర్పునే ఆయన పల్లెల కొలతలకును, పైరుల లెక్కలకును, శిస్తు నిర్ణయమునకును మరల్చెను. ఆయన సహాయకులలో థామస్ మన్రో యొకడు. తరువాతి కాలమున మద్రాసు గవర్నరై రైతువారీ పద్ధతికి పేరొందిన ఆ మన్రో, 1792 నుండి 1799 వరకు ఈ బారామహలులోనే పని నేర్చుకొనెను.

రీడ్ కాలపు కాగితములు విషయముల వారీగా విభజింపబడినవి. పరిపాలన, నివాసులు, ఉత్పత్తులు, ఆస్తి, భూమి శిస్తు, పన్నులు మున్నగు శీర్షికల క్రింద ఈ సీమ బ్రతుకంతయు అమర్పబడినది. ఇరువదవ శతాబ్దమున మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయము వీనిని ‘బారామహలు రికార్డులు’ అను పేరుతో ఆంగ్లమున సంపుటములుగ ముద్రించెను. అందుచే 1792 నాటి కృష్ణగిరి పల్లెలలో ఏ కులములవారుండిరో, ఏ పంటలు పండెనో, ఏ పన్నులు వసూలయ్యెనో నేడును చదివి తెలిసికొనవచ్చును.

ఈ దస్తరములవలన రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది, శీర్షికలను నిర్ణయించినవాడే చరిత్రకు రూపమిచ్చును. రీడ్‌నకు కావలసినది శిస్తు. కావున శిస్తును గూర్చి సంపుటములున్నవి. పల్లె బడిలో బాలురు ఏ లిపి దిద్దిరో, వీధిలో ఏ భాషలో హరికథ జరిగెనో తెలుపుటకు ప్రత్యేకముగా శీర్షిక లేదు. రెండవది, సంగ్రహము నిలుచుటకు ప్రతులు కావలెను. ఈ కాగితములు ఒక్క కచేరీ బీరువాలోనే యుండిపోయినచో చెదలకు ఆహుతియై యుండెడివి. ముద్రణము వానిని పెక్కు గ్రంథాలయములకు చేర్చినందున నిలిచినవి.

అంచె, పత్రిక, కత్తిరింపు

వార్తను మోయుటకు మైసూరు రాజ్యమున అంచె యుండెను. చిక్కదేవరాజు కాలమున పదునేడవ శతాబ్దమున స్థాపింపబడిన ఈ ఏర్పాటు 1889లో బ్రిటిషు తపాలాలో కలిసిపోవువరకు నడచెను. ఒక మజిలీలోని బంటు సంచిని మరొక మజిలీలోని బంటునకు అందించి వెనుకకు మరలును. తెలుగున ‘అంచెలంచెలుగా’ అను పలుకుబడికి మూలమిట్టి యేర్పాటే. అంచెకు జ్ఞాపకము లేదు. సంచి చేయి మారినతోడనే ఆ మజిలీ దానిని మరచును. ఈ సంగతి ముందు మరల ప్రస్తావనకు వచ్చును.

ముద్రిత పత్రికల కాలమున ఈ సీమ తెలుగువారికి కొంత యనుకూల్యముండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగ ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసున దినపత్రికయయ్యెను. ఆంధ్రప్రభ 1938లో మద్రాసుననే వెలసెను. తెలుగు పత్రికల రాజధాని మద్రాసైనంత కాలము హోసూరు పాఠకునకు అది తన రాజధాని నుండి వచ్చిన పత్రికయే. 1953 తరువాత తెలుగు పత్రికారంగము క్రమముగ విజయవాడకు, హైదరాబాదునకు మరలెను. పత్రిక వచ్చుట మానలేదు గాని, అందులో ఈ సీమకు దొరకు చోటు కుంచించుకొనిపోయెను.

అట్టి కాలమున పాఠకులకు దొరకిన సాధనము కత్తెర. కావలసిన వార్తను కత్తిరించి, తేదీ వ్రాసి, నోటు పుస్తకమున అంటించుట పెక్కు ఇండ్లలో నుండిన అలవాటు. ఇది రీడ్ పద్ధతికి సరిగ వ్యతిరేకము. ఇందు శీర్షికలను నిర్ణయించువాడు పాలకుడు గాడు, పాఠకుడు. కాని ఆ పుస్తకమునకు ప్రతి లేదు. కూర్చినవాని తరువాత అది పాత కాగితముల వానికి తూకమున పోవుటయే తరచుగ జరిగెడిది.

లంకెలను దాచు సాధనములు

కత్తెరకును నోటు పుస్తకమునకును ఇంటర్నెట్టులో ప్రతిరూపములుగ నేర్పడినవి రెండు సాధనములు. ఒకటి లంకెలను దాచునది, రెండవది వార్తలను తెచ్చిపెట్టునది.

వెబ్‌సైటు పుటకొక చిరునామా కలదు. దానినే లంకెగ నుపయోగింతుము. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరులో ‘హాట్‌లిస్టు’ అను జాబితా యుండెను. 1994లో వచ్చిన నెట్‌స్కేపు దానిని ‘బుక్‌మార్కు’ అనెను. గ్రంథము నడుమ నుంచు తాటాకు ముక్కవంటిదే యిది. నెట్‌స్కేపు ఈ జాబితాను భద్రపరచిన దస్త్రపు రూపము నేటికిని చెల్లుచున్నది. ఒక బ్రౌజరు నుండి మరియొక బ్రౌజరునకు బుక్‌మార్కులను మార్చుటకు ఆ పాత రూపమే వాడుదురు.

ఆ జాబితా ఒక్క కంప్యూటరులోనే యుండెడిది. యంత్రము చెడినచో జాబితాయు పోయెడిది. ఈ లోపమును తీర్చుటకై 2003లో జోషువా షాక్టర్ అను నాతడు ‘డెలిషియస్’ అను వెబ్‌సైటును నెలకొల్పెను. లంకెలను అచ్చట దాచుకొన్నవాడు ఏ కంప్యూటరు నుండియైనను చూచుకొనవచ్చును, ఇతరులకును చూపవచ్చును. అందలి ముఖ్యమైన కొత్తదనము ‘ట్యాగు’. బీరువా అరలో ఒక కాగితము ఒక్కచోటనే యుండగలదు. ట్యాగుల పద్ధతిలో ఒకే లంకె పెక్కు శీర్షికల క్రింద నుండును. హోసూరు తెలుగు బడిని గూర్చిన తీర్పు వార్త యొకటి వచ్చినదనుకొందము. అది ‘బడి’, ‘చట్టము’, ‘హోసూరు’, ‘భాషా మైనారిటీలు’ అను నాలుగు పేర్ల క్రిందను దొరకును. నాలుగు పేర్ల క్రింద చెదరిన చరిత్రగల సీమకు ఇది యెంత తగిన పద్ధతియో వేరుగ చెప్పనక్కరలేదు. రీడ్ దొర శీర్షికలను పైనుండి నిర్ణయించెను. ఇచ్చట వానిని చదువరియే తన అవసరమునుబట్టి పెట్టుకొనును.

వార్తలను తెచ్చు సాధనములు

రెండవ సాధనము ఫీడు. 1999 మార్చిలో నెట్‌స్కేపు సంస్థలో రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ అనువారు దీని తొలి రూపమును నిర్మించిరి. గుహ మద్రాసులోని ఐ.ఐ.టి.లో చదువుకొన్న భారతీయుడు. నెట్‌స్కేపువారి వెబ్‌సైటులో ప్రతి చదువరియు తనకు వలసిన వార్తలతో తన పుటను తానే అమర్చుకొనుటకై యిది పుట్టెను. తన యిష్టమైన వార్తాపుటను తానే కూర్చుకొను కోరికయే ఫీడునకు తల్లి యన్నమాట. దీనిని ఆర్.ఎస్.ఎస్. అని పిలిచిరి. డేవ్ వైనర్ దీనిని పెంపొందించెను. 2000 డిసెంబరులో ఒక రూపము, 2002లో 2.0 అను రూపము వెలువడినవి. 2005 డిసెంబరులో ‘ఆటమ్’ అను సాటి ప్రమాణము ప్రకటింపబడెను.

ఫీడు చూచుటకు సామాన్యమైన జాబితాయే. ప్రతి వార్తకును ఒక శీర్షిక, ఒక లంకె, ఒక సంగ్రహము, వెలువడిన తేదీ, వార్తను గుర్తించు ఒక గుర్తు అందుండును. అలంకారములుండవు. చదువరి తన ఫీడు రీడరులో వలసిన వెబ్‌సైటుల ఫీడులను చేర్చుకొనును. ఆ రీడరు అప్పుడప్పుడు పోయి ‘క్రొత్తదేమైన వచ్చినదా?’ అని యడుగును. రానిచో వెబ్‌సైటు 304 అను సంఖ్యతో ‘మార్పు లేదు’ అని మాత్రము బదులిచ్చును. పుటనంతను మరల పంపదు. వచ్చినచో క్రొత్త వార్తను ఇచ్చును. అంచె బంటు వార్తను తెచ్చువరకు పల్లెవాడు ఎదురు చూచెను. ఫీడు పద్ధతిలో చదువరి పంపిన బంటే ఊరూర తిరిగి వార్తలను పోగుచేసికొని వచ్చును. ఏ వార్త ముందు, ఏ వార్త వెనుక యని నిర్ణయించు మధ్యవర్తి యిందు లేడు.

2005 అక్టోబరులో గూగుల్ రీడరు వెలసెను. 2007 ఫిబ్రవరిలో యాహూ సంస్థ ‘పైప్స్’ అను సాధనమును ప్రకటించెను. దానితో పెక్కు ఫీడులను ఒకటిగ కలిపి, వలసిన మాటయున్న వార్తలను మాత్రము జల్లించి, క్రొత్త ఫీడు నొకదానిని సృష్టింపవచ్చును. ప్రోగ్రాములు వ్రాయుట రానివారికిని అది యందుబాటులోనికి వచ్చెను.

తెలుగు లిపి, తెలుగు కూడలి

ఈ సాధనములు తెలుగునకు పనికివచ్చుటకు ముందు లిపి సమస్య తీరవలసియుండెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణముననే తెలుగునకు స్థానము లభించినను, అది సామాన్య కంప్యూటర్లకు చేరుటకు పదేండ్లు పట్టెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి యను తెలుగు అక్షరరూపము చేర్పబడెను. అంతకుముందు తెలుగు దినపత్రికల వెబ్‌సైటులు తమతమ సొంత అక్షరరూపములను వాడుచుండెను. ఒకరి పుటను మరొకరి అక్షరములతో చదువ వీలుకాదు. పుటను దాచుకొన్నను, అక్షరరూపము లేనిచోట నది అర్థములేని గుర్తుల వరుసయే. అట్టి పుటలలో తెలుగు మాటను వెదకుటయు, జల్లించుటయు అసాధ్యము. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అను ఉపకరణము ఆ పుటలను యూనికోడునకు మార్చి చూపి ఎంతో మేలు చేసెను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆయన చేతనే ప్రారంభమయ్యెను.

2006లో వీవెన్ అను పేరుతో ప్రసిద్ధులైనవారు ‘లేఖిని’ని రూపొందించిరి. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుట దానివలన సులభమయ్యెను. తెలుగు బ్లాగుల ఫీడులను ఒక్కచోట చేర్చి చూపు ‘కూడలి’ని నెలకొల్పినవారును వారే. తరువాత జల్లెడ, హారము, మాలిక మున్నగునవి యదే మార్గమున వచ్చినవి. ఈ పేర్లను గమనింపుడు. కూడలి యనగా దారులు కలియుచోటు; జల్లెడ గింజను పొల్లునుండి వేరుచేయునది; హారము, మాలిక గ్రుచ్చి కూర్చినవి. ఫీడులను కలుపుట, జల్లించుట, కూర్చుట యను మూడు పనులకును తెలుగువారు తమ ఇంటి మాటలనే యెన్నుకొనిరి. హైదరాబాదున నున్నవాడు, అమెరికాలో నున్నవాడు, సరిహద్దు సీమలో నున్నవాడు ఒకే పుటను చూచుట, ఒకే వరుసలో కనబడుట అప్పుడు సాధ్యమయ్యెను. రాష్ట్రపు ఎల్లలు ఆ పుటకు లేవు.

హోసూరు ఫీడును కూర్చుటలోని చిక్కులు

హోసూరు, కృష్ణగిరి వార్తలకై ఒక ఫీడును జల్లించి కూర్చుటకు పూనుకొన్నవాడు వెంటనే కొన్ని చిక్కుల నెదుర్కొనును. అవి యంత్రపు చిక్కులు గావు. ఈ సీమ చరిత్రయే వానికి కారణము.

మొదటిది ఊరి పేరు. కన్నడమున ‘హొస ఊరు’ అనగా క్రొత్త ఊరు. కావున అచ్చట హ్రస్వముతో ‘హొసూరు’ అందురు. తమిళమున హకారము లేక ‘ఓసూర్’ అగును. తెలుగున ‘హోసూరు’ అనియు, ‘హొసూరు’ అనియు, ‘హోసూర్’ అనియు వ్రాయుదురు. యంత్రమునకు ఇవి వేర్వేరు మాటలు. ఒక్క రూపమును మాత్రమే యిచ్చినచో తక్కిన రూపములతో వచ్చిన వార్తలన్నియు జల్లెడ దాటిపోవును. కావున మూడు భాషల రూపములను, మూడు లిపులలోను ఇయ్యవలెను.

రెండవది ఊళ్ల పోలిక. కర్నూలు జిల్లాలో కృష్ణగిరి యను మండలము వేరుగ కలదు. ‘కృష్ణగిరి’ యని మాత్రము అడిగినచో ఆ మండలపు వార్తలును వచ్చి చేరును. కర్ణాటకమున హోసూరను పేరుగల గ్రామములు పెక్కులు. బెంగుళూరులో ‘హోసూరు రోడ్డు’ మహానగరపు రద్దీకి పేరొందినది. ఆ రోడ్డుపై జరిగిన ప్రతి వాహన ప్రమాదమును హోసూరు వార్తయని యంత్రము తెచ్చి పెట్టును. ‘రోడ్డు’ అను మాట ప్రక్కన నున్న వార్తలను విడువుమని చెప్పినచో, హోసూరులోని నిజమైన రోడ్ల వార్తలును పోవును. కావున జల్లెడ కన్నములను సరిచేయుచు, కొన్ని దినములు వచ్చినదానిని చూచి, మరల సరిచేయుట తప్ప వేరు మార్గము లేదు. కూర్పరి బుద్ధికి బదులుగ యంత్రము నిలువదు. అతని కాలికి శ్రమ తగ్గించునంతియే.

మూడవది లంకెల రూపము. తెలుగు అక్షరములున్న లంకెను యంత్రములు శాతపు గుర్తులతో మార్చి వ్రాయును. ‘హోసూరు’ అను మాటలో యూనికోడు లెక్కప్రకారము ఆరు గుర్తులున్నవి. ఒక్కొక్కదానికి మూడు బైట్లు, ఒక్కొక్క బైటునకు మూడు అక్షరములు. మొత్తము 54 అక్షరములగును. మూడక్షరముల ఊరిపేరు ఏబదినాలుగు అక్షరముల వింత వరుసయై కనబడును. అట్టి లంకెను చూచి అది ఏ ఊరిదో, ఏ సంగతో యెవ్వరును చెప్పలేరు. కావున తెలుగు పుటలను దాచువారు లంకెతోపాటు శీర్షికను, తేదీని, పత్రిక పేరును తెలుగులో వ్రాసికొనుట విధిగ పాటింపవలెను.

పోయినవి, నిలిచినవి

ఈ సాధనముల చరిత్రలో అధికభాగము మూతపడుటల చరిత్ర. గూగుల్ సంస్థ రీడరును 2013 జూలై 1న మూసివేసెను. పైప్స్ 2015 సెప్టెంబరు 30న ఆగిపోయెను. డెలిషియస్ 2005లో యాహూ చేతికి, పిదప ఒకరి తరువాత ఒకరికి మారి, 2017 జూన్‌లో పిన్‌బోర్డు అను పోటీ సంస్థ చేతికి వచ్చి, క్రొత్త లంకెలను చేర్చు వీలు లేక నిలిచిపోయెను. తెలుగు సాహిత్య చర్చకు ‘రచ్చబండ’ వంటి వేదికలున్న యాహూ గ్రూపులు 2020 డిసెంబరున మూతపడెను. పుటలను తరువాత చదువుటకై దాచు ‘పాకెట్’ 2007లో పుట్టి, 2017లో మొజిల్లా చేతికి వచ్చి, 2025 జూలై 8న ఆగిపోయెను.

సాధనము నిలిచినను పుటలు నిలువవు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, 2013లో ఉండిన వెబ్ పుటలలో నూటికి 38 పదేండ్ల తరువాత దొరకలేదు. లంకె యనునది ఇంటి చిరునామా వంటిది. ఇల్లు కూలిన పిదప చిరునామా యెంత భద్రముగ నున్నను ఫలమేమి?

ఫీడునకును జ్ఞాపకము తక్కువ. బ్లాగులకు విరివిగ వాడబడు వర్డ్‌ప్రెస్సులో, ఎవరును మార్చనిచో, ఫీడున చివరి పది వ్యాసములు మాత్రమే యుండును. పదునొకండవది రాగానే మొదటిది జారిపోవును. అంచె మజిలీవలె అదియు సంచిని అందించి మరచును. ఫీడు వార్తను తెచ్చును; దాచునది మాత్రము వేరుగ నుండవలెను.

నిలిచినవేవి? ప్రమాణములు నిలిచినవి. ఆర్.ఎస్.ఎస్. ఎవరి సొత్తును గాదు. రీడరు మూతపడిన దినమున చందాదారులు తమ ఫీడుల జాబితాను ఓ.పీ.ఎం.ఎల్. అను సామాన్య దస్త్రముగ దింపుకొని, ఫీడ్లీ వంటి వేరు రీడరులోనికి ఎక్కించుకొనగలిగిరి. ఫ్రెష్ ఆర్.ఎస్.ఎస్., వాలబాగ్ వంటి ఉచిత సాధనములను సొంత కంప్యూటరులోనే నడుపుకొనవచ్చును. మొదటిది ఫీడులను చదువుటకు, రెండవది పుటల ప్రతులను దాచుటకు. 1996లో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవు 2013 నుండి ఎవరైనను కోరిన పుటను అప్పటికప్పుడే భద్రపరచు వీలు కల్పించినది. అట్లు భద్రపరచిన ప్రతికి తేదీతోకూడిన వేరు లంకె లభించును.

ఈ సీమకు గల అవసరము

ఇదంతయు కేవలము యంత్రవిశేషముల ముచ్చట గాదు. తమిళనాడు ప్రభుత్వము 2006లో తమిళ భాషాభ్యాస చట్టమును చేసెను. దాని ప్రకారము 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక తరగతి చొప్పున తమిళము తప్పనిసరి పాఠ్యాంశమయి, 2015–16 నాటికి పదవ తరగతికి చేరెను. మొదటి భాషగ తెలుగు చదువుచుండిన హోసూరు, కృష్ణగిరి పిల్లలపై ఈ మార్పు నేరుగ ప్రభావము చూపెను. విన్నపములు, సభలు, న్యాయస్థానముల ఉత్తరువులు, మినహాయింపులు ఆ పదేండ్లలోను తరువాతను నడచినవి. వాని వార్తలు మూడు భాషల పత్రికలలో, వెబ్‌సైటులలో, బ్లాగులలో చెదరియున్నవి.

ఆ పదేండ్లును సరిగ ఫీడుల వైభవకాలము. గూగుల్ రీడరు పుట్టిన మరుసటి ఏడు చట్టము వచ్చెను. చట్టము పదవ తరగతికి చేరునాటికి రీడరు, పైప్స్ రెండును లేవు. ఒక తరము పిల్లల చదువును మార్చిన దశాబ్దపు వార్తలు, కూడబెట్టుటకు మిక్కిలి సులభమైన కాలముననే వెలువడి, నిలుపుట మిక్కిలి కష్టమైన రూపమున మిగిలినవి. 1792 నాటి కృష్ణగిరి పల్లెలో నేమి పండెనో తెలియుచున్నది. 2010 నాటి హోసూరు బడిలో తెలుగు తరగతి యెట్లు నడచెనో తెలుపు లంకె తెరువబడకపోవచ్చును. రెండు శతాబ్దముల క్రిందటి కాలముకంటె పదిహేనేండ్ల క్రిందటి కాలము మనకు దూరమగుట ఎంతటి విపరీతము!

చేయదగిన పని పెద్దది గాదు. ఊరి పేరు యొక్క రూపములన్నిటితో ఒక జల్లెడ కూర్చుకొనుట. వచ్చినవానిలో నిజమైన వానిని ఏరి ట్యాగులు పెట్టుట. ప్రతి లంకెకును శీర్షిక, తేదీ, పత్రిక పేరు తెలుగున వ్రాయుట. పుట ప్రతిని తన కంప్యూటరులోను, ఇంటర్నెట్ ఆర్కైవులోను భద్రపరచుట. జాబితాను ఎవరి సొత్తును గాని సామాన్య దస్త్రరూపమున ఉంచి ఇద్దరు ముగ్గురి వద్ద ప్రతులుంచుట. ఇవి దినమునకు పావుగంటలో ఒక విద్యార్థి చేయగల పనులు. ఏడాదికొకమారు ఆ జాబితాను సంగ్రహముతో సహా తెలుగు సమాజముల సంచికలలో అచ్చువేసినచో, యంత్రములెన్ని మారినను కాగితము మిగులును. అచ్చున లంకె తెరచుకొనదు నిజమే. శీర్షికయు, తేదీయు, సంగ్రహమును ఉన్నచో వెదకువానికి త్రోవ దొరకును.

రీడ్ కూర్చిన దస్తరములు శిస్తు వసూలు చేయువాని కన్నులతో ఈ సీమను చూపుచున్నవి. అవి పనికిరానివి గావు. వానిని కాపాడినవారికి కృతజ్ఞత చెల్లును. కాని ఈ కాలపు దస్తరమునకు శీర్షికలు పెట్టు అవకాశము తొలిసారిగ ఈ సీమవారి చేతికే వచ్చినది. ‘బడి’ యను శీర్షిక దస్తరమున నుండవలెనో, అక్కరలేదో వారే నిర్ణయింపవలెను.